తాడు మీద ఎండిన చీర

నిన్న ఉదయం ఏడూ పదికి మా అమ్మాయి మేడ మీద బట్టలు ఆరేసింది. చెప్పుకోవాల్సినంత పనేమీ కాదు. తువ్వాళ్ళు, నా చీరలు, వాటి పక్కనే తన నెలసరి గుడ్డలు. ఈమధ్య తన స్నేహితురాళ్ళంతా ఉతికి మళ్ళీ వాడుకునే గుడ్డ ప్యాడ్లకు మారారట. వాటి మీద పూలూ చుక్కలూ అచ్చు వేసి ఉంటాయి. ఎండకు ఎదురుగా, వరసగా, క్లిప్పులు పెట్టి మరీ ఆరేసింది. కళ్యాణదుర్గంలో ఆషాఢం గాలికి క్లిప్పు లేని బట్టను పక్క వీధిలో వెతుక్కోవాలి. మా అమ్మ మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ, "ఆ చివరి క్లిప్పు సరిగా పట్టలేదు చూడు పాపా" అంది. అంతే అంది. నేను నవ్వుతూ పెద్దమ్మ కోసం పక్కకు తిరిగాను. ఆమె పోయింది ఈ వేసవిలోనే. నవ్వుకోవాల్సింది ఏదైనా కనబడితే నేనింకా అటే తిరుగుతున్నాను.

పెద్దమ్మ మా నాయన అన్నగారి భార్య. కంబదూరు పక్కన మా ఊళ్ళో రెండిళ్ళకూ ఒకటే వాకిలి. విత్తే కాలం దగ్గర పడగానే ఆ వాకిట్లో చెనక్కాయలు కుప్ప పోసేవాళ్ళు. మిషన్‌కు వేస్తే పప్పు చిట్లుతుంది, చిట్లిన పప్పు మొలవదు. అందుకని విత్తనం చేత్తోనే ఒలవాలి. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళందరూ కుప్ప చుట్టూ కూర్చునేవాళ్ళు. వేళ్ళ కొసలు మండుతుంటే మాటలతో మరిపించుకునేవాళ్ళు. మగవాళ్ళు ఆ పక్కకు వచ్చేవాళ్ళు కాదు, ఎందుకంటే కుప్ప దగ్గర పెద్దది మా పెద్దమ్మ. ఆమెకు దాపరికం తెలియదు. పక్క చేనులో వాన పడిందా అని అడిగినంత మామూలుగా, నెలనెలా వస్తోందా, నడుము లాగుతోందా, బిడ్డకు పాలు చాలుతున్నాయా అని అడిగేది. పిల్లలను తరిమేసేది. నేను పెద్దమనిషినైన ఏడు మాత్రం నన్ను పిలిచి, బెల్లం పాకంతో చేసిన చెనక్కాయ ఉండ చేతిలో పెట్టి, తన పక్కన చోటిచ్చింది. బళ్ళో నేర్చుకోనిదంతా నేను ఆ కుప్ప దగ్గర నేర్చుకున్నాను. అందులో కొంత తప్పని తర్వాత తెలిసింది. బాలింతకు మంచినీళ్ళు తగ్గించాలని పెద్దమ్మ గట్టిగా నమ్మేది. ఊరికి వచ్చే నర్సమ్మతో ఏళ్ళ తరబడి వాదించి, చివరకు నర్సమ్మ పోరు పడలేక నమ్మడం మానేసింది.

నేను కాలేజీలో ఉన్నప్పుడు పెద్దమ్మకు ముట్లు నిలిచిపోయే వయసు వచ్చింది. ఉన్నట్టుండి ఒంట్లో ఆవిరి లేచేది. ఒలుస్తూ ఒలుస్తూ లేచిపోయి, తువ్వాలు తొట్లో ముంచి నెత్తిన వేసుకుని వచ్చేది. నిద్ర లేదు. కారణం లేకుండా పెద్దనాయనను తిట్టేది. ఆయన మంచం పశువుల పాక దాకా వెళ్ళింది. తనకు ఏమవుతోందో తెలుసు గానీ, దానికి ఒక మర్యాద లేకపోవడమే ఆమెకు నచ్చలేదు. ఒకరోజు కుప్ప దగ్గర చెయ్యి ఆపి అంది.

"పెద్దమనిషి అయితే ఉండలు పెడతాం. కడుపొస్తే గాజులు తొడుగుతాం. కానుపైతే శొంఠి కాయం చేసి పెడతాం. నిలిచిపోతే ఏముండాది? ఏమీ లే, మోకాళ్ళ నొప్పి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ ఏడే తనంతట తానే ఒక పండగ పెట్టింది. ఒక విత్తనాల కాలం నుంచి మరుసటి విత్తనాల కాలం దాకా ఎవరికైనా ముట్టు కనబడకపోతే, ఆమెను కుప్ప ముందు పీట మీద కూర్చోబెట్టి, తలకు నూనె పెట్టి, ఒక నూలు చీర ఇచ్చి, అందరికీ ఉండలు పంచాలి. మొదట తనే పీట వేసుకుని కూర్చుంది, తన చీర తనే తెచ్చుకుంది. రెండోసారి పక్కింటి అవ్వను కూర్చోబెట్టింది. మొగుడు పోయిన నాటి నుంచి ఆ అవ్వను ఎవరూ ఏ పీట మీదా కూర్చోబెట్టలేదు. పసుపు కుంకుమల పట్టింపు లేదని పెద్దమ్మ ముందే చెప్పేసింది. ఆ రోజు అవ్వ ఉండను తినకుండా కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

తర్వాత మా అమ్మ వంతు వచ్చింది. అమ్మకు సిగ్గు. పీట మీద తల వంచుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. ఉండలు ఆ ఏడు ఊరి చివర దాకా వెళ్ళాయి.

రెండేళ్ళు గడిచాయి. ఆషాఢంలో మంచి వాన పడింది. నేల పదునెక్కి, ఊరంతా విత్తడానికి తొందరపడుతోంది. కుప్ప దగ్గర పెద్దమ్మ ఒలుస్తూ మా తాడు వైపు చూస్తోంది. తాడు మీద అమ్మ పాత ఆకుపచ్చ చీర, కొసలు ముళ్ళు వేసి ఉంది. గాలికి అందరూ ముడేస్తారు, అందులో వింత లేదు. కానీ ఆ చీర పొద్దుటి నుంచీ ఉంది, నిన్నా ఉంది, ఎప్పుడో ఎండిపోయింది.

"ఎండిన చీర తీయలేదెందుకమ్మే?" అంది పెద్దమ్మ.

మర్చిపోయానంది అమ్మ. పెద్దమ్మ లేచి వెళ్ళి ఒక ముడి విప్పింది. మిగతా పని గాలి చేసింది. చీర లేచిపోగానే దాని కింద ఉతికి ఆరేసిన గుడ్డ పీలికలు బయటపడ్డాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ వాటిని అట్లాగే చీర చాటున ఆరేసుకునేవాళ్ళు. కానీ అమ్మకు ఇప్పుడు వాటి అవసరం ఉండకూడదు. శివరాత్రి నుంచి మళ్ళీ కనబడుతోందని, ఒక్కోసారి ఎక్కువే పోతోందని అప్పుడు చెప్పింది.

"పీట మీద కూచోబెట్టి చీర పెడితిరి. ఊరంతా ఉండలు తినిపాయె. ఇప్పుడు మళ్ళీ మొదలైందంటే నవ్వరా అక్కా?"

తను పెట్టిన పండగే అమ్మ నోరు మూయించిందని పెద్దమ్మకు అర్థమైంది. తర్వాత ఆ పీలికలను ఒక్కొక్కటే తీసి మడత పెడుతూ, "నవ్వనీ. మేం నవ్వేదానికైనా నువ్వుండాల కదమ్మే" అంది.

మర్నాడు పొద్దున బస్సుకే బయలుదేరదీసింది. విత్తనాల వేళ ఇద్దరు ఆడవాళ్ళు ఇల్లు వదిలితే ఎట్లా, పదును పోతుందని పెద్దనాయన గొణిగాడు. పదును పోతే మళ్ళీ వస్తుందని పెద్దమ్మ బస్సు మెట్టు మీద నుంచే జవాబిచ్చింది. అనంతపురంలో డాక్టరమ్మ పరీక్షకు ముక్క తీసి పంపింది. నిలిచి ఏడాది దాటాక ఒక్క మరక కనబడినా ఆలస్యం చేయకుండా రావాలని చెప్పింది. ఫలితం వచ్చేదాకా పెద్దమ్మ అన్నం సరిగా తినలేదు. క్యాన్సర్ మొదలైంది గానీ ముదరలేదు, గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. తీసేశారు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మకు ఒక సందేహం వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళకు ఏం పెట్టాలో పద్ధతి లేదు. తనకు తెలిసిన పద్ధతిలో బాలింత మర్యాదలన్నీ చేసింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద కుంపటి. పలకరించడానికి వచ్చిన పక్కింటి అవ్వ, అమ్మ వాలకం చూసి, "బిడ్డ యాడ?" అంది. కుట్లు లాగుతున్నాయి, నవ్వించొద్దని అమ్మ పొట్ట పట్టుకుని బతిమాలింది.

మరుసటి ఏడు పండగ ఆగలేదు, కొంచెం మారింది. పీట మీద కూర్చున్నామె "మళ్ళీ కనపడితే చెప్తా" అని అందరి ముందూ అంటేనే ఉండ చేతికిచ్చేది. ఇంకో మార్పు కూడా చేసింది. మా వాకిట్లో గుడ్డలన్నీ నేరుగా ఎండలో, అందరికీ కనబడేటట్టు ఆరేయించింది. మొదటి రోజు మా నాయన వాకిట్లోకి వచ్చి, ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు చూస్తూ నడిచాడు. ఏం చూస్తున్నావని పెద్దమ్మ అడిగితే, వాన వస్తుందేమో చూస్తున్నానన్నాడు. మబ్బు తునక లేదు. ఆ వారమంతా ఆయన వాన కోసమే చూశాడు. "మీ నాయనకు మెడ పట్టుకుంటాది, ఇంత నూనె కాచి పెట్టు" అని పెద్దమ్మ నాతో అంది.

ఇప్పుడు నా వయసు ఆ దగ్గరికి వచ్చింది. రాత్రిళ్ళు ఫ్యాన్ కింద కూడా చెమట పడుతోంది. నిన్న మేడ మీద ఆ సంగతి అమ్మతో చెప్పాను. పీట వేయడానికి పెద్దమ్మ లేదు కదా అన్నాను. "నేను వేస్తాలే. నువ్వు మాత్రం పీట మీద ఆ మాట చెప్పాల" అంది అమ్మ. చెప్తానన్నాను. పెద్దమ్మ ఆ ముడి విప్పిన నాటికి మా అమ్మాయి పుట్టనేలేదు. పుట్టకముందు జరిగిన పనుల మీద పిల్లలు తెలియకుండానే నిలబడి ఉంటారు. అది అక్కడ గాలికి ఎగిరే తువ్వాలును పట్టుకుంటూ ఏదో పాట పాడుకుంటోంది.

మా ఇంట్లో ఇప్పుడు గుడ్డలు చీర చాటున ఆరేయరు.