ఇటుకల చేతికి పట్ నేర్పడం

కరోనా తగ్గిన ఏడాది ఎండాకాలంలో, బెంగళూరు పక్కన జిగణి దాటాక ఉన్న ఒక గోల్ఫ్ క్లబ్బులో నన్ను ఆడ క్యాడీలకు పెద్దగా వేశారు. క్యాడీ అంటే ఆటగాళ్ళ సంచి మోసి, బంతి ఎటు వాలుతుందో చెప్పే మనిషి. అంతకు ముందు ఒక స్టేడియంలో షాట్‌పుట్ ఆడేచోట నేల చదును చేసేదాన్ని. చదివింది మూడో తరగతి. ఆటల మాటలన్నీ ఆ రెండు చోట్లా నేర్చుకున్నవే.

కొత్తగా వచ్చిన రాములమ్మది అనంతపురం వైపు. కుందలహళ్ళిలో బిల్డింగ్ పనులు చేసి దగ్గు తెచ్చుకుంది. ఇక్కడ కుదరకపోతే మళ్ళీ సిమెంటు దుమ్ములోకే పోవాలి.

క్యాడీ మాస్టర్ నాగరాజు పెట్టే పరీక్ష ఒకటే. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, కొత్తవాళ్ళు తామే బంతి కొట్టి గుంత దగ్గర ఆపాలి. ఆ చిన్న దెబ్బే పట్. సొంతంగా కొట్టనివాళ్ళకు నేల వాలు తెలియదని ఆయన నమ్మకం. నాదీ అదే.

రాములమ్మ కొట్టిన ప్రతి బంతీ గడ్డి దాటి పోయేది. ఆమె చేయి గమనించాను. కింద నుంచి పై అంతస్తుకు ఇటుకలు ఎగరేసిన చేయి అది. చివర్న మణికట్టు విదిలించకుండా ఉండలేదు.

“మెల్లిగానే కొడతా ఉండా కదక్కా,” అంది.

“కొట్టడంలేదు నువ్వు, ఇటుక అందిస్తా ఉండావు. పట్టుకునేకి పైన ఎవురూ లేరు,” అన్నాను.

స్టేడియంలో కోచ్ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. షాట్‌పుట్‌లో గుండును విసరకూడదు, మెడ దగ్గర నుంచి నెట్టాలి. గుండును భుజం వెనక్కి పోనిస్తే ఫౌల్. పుట్ అంటే స్కాట్లాండు వాళ్ళ పాత మాటలో నెట్టడమట. వాళ్ళు బరువు రాళ్ళు నెట్టి బలం చూసుకునేవాళ్ళట. గోల్ఫూ వాళ్ళ దగ్గర పెరిగిందే, పట్ కూడా ఆ మాటే అన్నాడు. అప్పట్లో విని ఊరుకున్నాను.

క్యాడీల షెడ్డు వెనక నుంచి ఒక గుండ్రాయి తెచ్చి రాములమ్మ మెడకు ఆనించి, నెట్టమన్నాను. అలవాటుగా చేయి వెనక్కి లాగింది. రాయి జారి కాలి పక్కనే పడింది. బరువు విదిలించనివ్వదు. సాయంత్రానికి భుజంతో నెట్టడం వచ్చింది. అప్పుడే బంతి కొట్టే కర్ర మళ్ళీ చేతికిచ్చాను.

మర్నాడు పరీక్షలో బంతి గుంతకు జానెడు ఇవతల ఆగింది. లోపల పడలేదు కదమ్మా అని నాగరాజు ముఖం చిట్లించాడు.

“ఆపమన్నావు, ఆపింది. పడాలని ఎప్పుడంటివప్పా?” అన్నాను.

ఆయన వాలు మీద నుంచి ఇంకోసారి కొట్టించాడు. అదీ గుంత పక్కనే ఆగింది. “సంచి ఇయ్యమ్మా ఆమెకి,” అన్నాడు.

పని మానేదాకా కొత్తవాళ్ళకు నేను కర్ర కంటే ముందు రాయే ఇచ్చాను. కోచ్ నోట విన్నప్పుడు పుట్ అంటే నెట్టడమన్న ఆ అర్థం నాకు ఒక కబురు, అంతే. ఒకరి చేతికి పనికొచ్చాకే అది తెలిసినట్టు లెక్క. రాయికి ఖర్చు లేదు. ఇప్పటికీ షెడ్డు వెనకే ఉంది.