ఆవు వెంట ప్రదక్షిణ

నిన్న ఉదయం ఫిల్మ్‌నగర్ గుడి దగ్గర ఒక కొత్త హీరో చెప్పులు విడిచి, ఆవు వెంట ప్రదక్షిణ చేస్తున్నాడు. పలుపు పట్టుకున్న నిర్మాత నన్ను చూసి, "కాస్త పక్కకి జరగండి పెద్దాయనా. రిలీజుకి ముందు ఇలా తిరగడం పూర్వం నుంచీ ఉన్న ఆచారమండీ" అన్నాడు. ఆ ఆచారం వయసెంతో నాకు తెలుసు. దానిని పుట్టించినవాడు మా తోడల్లుడు. అందుకు కారణమైన పరీక్ష చేసినవాణ్ణి నేను.

పశువైద్యుడిగా ఉద్యోగ విరమణ చేసిన నాకు ఆ గుడి గోశాల బాధ్యత అప్పగించారు. అప్పుడక్కడ ఉన్నది ఒక్కటే ఆవు. శుక్రవారం విడుదలయ్యే సినిమాలవాళ్ళు గురువారమే వచ్చి దానికి అరటిపళ్ళు, బెల్లం, నానబెట్టిన శనగలు పెట్టేవారు. పశువు పుష్టిని కంటితో చూసి నిర్ణయించకూడదు, చేత్తో తడమాలి. నడుము పక్క ఎముకల కొనలు వేళ్ళకు తగలాలి, తోక మొదట్లో ఇరువైపులా కొద్దిపాటి పల్లం ఉండాలి. మార్కులు వేస్తే బక్కచిక్కినదానికి ఒకటి, సరైనదానికి మూడు, కొవ్వెక్కినదానికి ఐదు. ఆ ఆవుకు ఎంత నొక్కినా ఎముక దొరకలేదు. తోక మొదలు దిండులా ఉబ్బి ఉంది. ఐదు వేశాను. అది తొలిచూలుది. అలాగే నెలలు నిండితే దూడ బయటికి రాక తల్లికీ ప్రాణాపాయం. కడుపు బరువెక్కాక చిక్కించకూడదు కనుక తగ్గించవలసినది అప్పుడే.

ఆవుకు ఏమీ తినిపించవద్దని బోర్డు పెట్టించాను. కోప్పడ్డాను. గోశాల చూసుకునే ఆమె, "మీరు వద్దంటరు సారూ. పెట్టనియ్యకపోతే, సినిమా పోతే నీదే జిమ్మేదారి అంటరు ఆళ్ళు. నేనేంజెయ్యాలె?" అని తల పట్టుకుంది.

మా తోడల్లుడు నా భార్యకు అక్కగారి భర్త. ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి, పరిశ్రమ అంతటికీ 'బావగారు' అయిన మనిషి. ఏ శుభకార్యంలోనైనా ఆయన చుట్టూ జనం, నా చుట్టూ ఖాళీ కుర్చీలు. పెళ్ళయిన నాటి నుంచీ నాకు ఆయనంటే అసూయే. నా భార్య చెప్పగా గోశాలకు వచ్చి, ఆవును చెయ్యి వేసి చూడనైనా చూడకుండా, "దీనికి ఆకలి లేదు తమ్ముడూ, వాళ్ళకి భయం. భయపడేవాణ్ణి ఊరికే పొమ్మంటే పోతాడా? ఏదో ఒక పని చెప్పాలి" అన్నాడు. ఆ గురువారమే ఒక నిర్మాత భుజం మీద చెయ్యి వేసి, "తినిపించడం పాతబడిందయ్యా. గోమాత వెంట గుడి చుట్టూ తిరుగు, ఫలితం చూసుకో" అన్నాడు. నా దురదృష్టం కొద్దీ ఆ సినిమా ఆడింది. మరుసటి వారం నుంచి పళ్ళబుట్టలు మాయమై, పలుపు పట్టుకోవడానికి వరుసలు మొదలయ్యాయి.

ఆవు క్రమంగా చిక్కింది. నేను తడిమి నాలుగు వేశాను, తరువాత మూడు వేశాను. ఆ అంకెలు అడిగినవారు లేరు. ఈనిననాడు దూడ నా సాయం లేకుండానే జారిపడింది. గోశాల ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "బావగారు సల్లగుండాలె" అని నా ఎదుటే దండం పెట్టింది. మర్నాడు ఇంటికి వస్తే నా భార్య ఆ ఆవు జున్ను మొదటి గిన్నె ఆయనకు పంపుతోంది. ప్రమాదాన్ని గుర్తించినది ఎవరని అడిగాను.

"మీరే గుర్తించారు, ఎవరు కాదన్నారు? బావగారు తప్పించారు" అంది, గిన్నె మీద మూత పెడుతూ.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన వయసు అక్కడే ఆగిపోయింది, నేను దానిని ఎప్పుడో దాటాను; అయినా ఆ గిన్నె తలపుకు వస్తే ఇప్పటికీ ఆయన ముందు నేను చిన్నవాణ్ణే.