ముప్పై తీసేసి రాశాను

ఆ ఆదివారం ఉదయం మచిలీపట్నంలో మా ఇంటి హాల్లో ఉన్నవి: కొత్త బీపీ మెషీన్, నా నోటుపుస్తకం, పెన్ను. ఉన్నవాళ్లు: నేను, డిగ్రీ చదువుతున్న మా చెల్లి ఎస్తేరు. అమ్మ అప్పటికే చర్చికి వెళ్లిపోయింది.

వారం రోజులుగా నాకు తల వెనక నొప్పి, చూపు మసక. నా వయసు ఇరవై ఏడు. మెషీన్ 172/108 చూపించింది. నమ్మకం కలగక ఎస్తేరు చేతికి కట్టాను. 158/100.

"ఇద్దరికీ ఎక్కువంటే తప్పు మెషీన్‌దే," అన్నాను.

"మనుషుల్ని కూడా చెరువుల్లాగే చూస్తావేంటి అన్నయ్యా!" అని నవ్వింది.

కృత్తివెన్ను రొయ్యల చెరువుల్లో నీటి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. ఉప్పు చూసే మీటరు అన్ని చెరువుల్లోనూ ఎక్కువ చూపిస్తే, ఆ తేడా తీసేసి రాస్తాం. ఇక్కడా మెషీన్ చూపించిన అంకె పక్కనే, అందాజుగా ముప్పై తీసేసి రాశాను. నాది 142, ఎస్తేరుది 128. నెల రోజులు అలాగే రాశాను.

ఒక మధ్యాహ్నం చెరువు గట్టు మీద కుడి కంటి ముందు నల్లగా తెర దిగింది. చెరువు యజమాని పట్టుకుని కూర్చోబెట్టాడు. "నీ మాట ముద్దగా వస్తంది బాబూ, మాట్లాడమాకు," అంటూ కారెక్కించాడు. ఆసుపత్రిలో 214/126. చచ్చిపోతాననే అనుకున్నాను.

డాప్లర్, సీటీ యాంజియో అని రక్తనాళాల స్కాన్లు, తర్వాత జెనెటిక్ టెస్ట్. కిడ్నీలకు వెళ్లే రీనల్ ఆర్టరీలు రెండూ ఇరుకుగా ఉన్నాయి.

"ఎలాస్టిన్ అనే జీన్‌లో లోపమండీ," అన్నారు డాక్టరుగారు. "రక్తనాళాలకు సాగే గుణం దానివల్లే వస్తుంది. మీ నాళాలు మొదటినుంచీ బిరుసుగా, ఇరుకుగా తయారయ్యాయి. నాన్నగారు ఎలా పోయారు?"

"స్ట్రోక్ అండీ. నలభై ఒకటో ఏట."

"ఇంట్లో ఇంకెవరికైనా బీపీ చూశారా?"

ఇంటి నుంచి తెప్పించిన నోటుపుస్తకం ఇచ్చాను. ఆయన వేలు ఒకచోట ఆగింది. "ఎస్తేరు 158. పక్కన ఈ 128 ఎవరు రాశారు?"

"నేనేనండీ. తను మా చెల్లి."

"మెషీన్‌ని సరిచూడటానికి మీ నాన్నగారి రక్తమే ఉన్న మనిషిని తీసుకున్నారు."

ఆ నెలంతా చెల్లి బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లింది, తలనొప్పి అంటే నేను టీ పెట్టిచ్చాను.

టెస్టులో ఎస్తేరుకూ అదే లోపం బయటపడింది. నాకు ఇరుకైన నాళాలను బెలూన్‌తో వెడల్పు చేసే యాంజియోప్లాస్టీ చేశారు. ఆరు నెలలకు ఒక నాళం మళ్లీ ఇరుకైంది, మళ్లీ చేశారు. ఇప్పుడు రోజుకు మూడు మాత్రలు. ఎస్తేరుకు ప్రస్తుతానికి మాత్రలు చాలన్నారు. ఆ 'ప్రస్తుతానికి' అన్న మాట నన్ను వదలదు. తను కాలేజీలో ఉండగా ఫోన్ మోగితే ఇప్పటికీ మీటరు గట్టు మీదే వదిలేసి అందుకుంటాను.

చిన్న వయసులో బీపీ ఎక్కువ చూపిస్తే, మెషీన్‌ని అనుమానించినా సరే, అన్నాచెల్లెళ్లతో పోల్చి ఊరుకోకండి. ఆ అంకెను ఉన్నదున్నట్టు రాసి డాక్టరుకు చూపించండి.

ఇవాళ ఉదయం ఎస్తేరు బీపీ, ఏమీ తీసేయకుండా: 126/82.