సాదా రోల్ ఎక్కించింది ఎవరు?

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక కాగితం రోల్ బరువుంది. నవ్వకండి. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఆమె నా భార్య.

హైదరాబాద్ చైతన్యపురిలో మాకు బ్యానర్లు వేసే దుకాణం ఉంది. నల్లగొండ నుంచి వచ్చిన కొత్తలో పనివాళ్లెవరూ లేరు. ఒక పెద్ద ప్రింటింగ్ మెషిన్, దాని సాల్వెంట్ ఇంకు ఘాటు, మేమిద్దరం. ఆ ఇంకు ఫ్లెక్స్ మీద, పూత ఉన్న పోస్టర్ కాగితం మీద బాగా నిలుస్తుంది. పూత లేని సాదా కాగితమైతే దాన్ని తాగేస్తుంది, రంగులు వెలవెలబోతాయి. అందుకే సాదా రోల్‌ను ప్రింట్లు చుట్టి ఇవ్వడానికే ఉంచుకునేవాళ్లం. చూడ్డానికి మాత్రం రెండు రోళ్లూ ఒకేలా ఉంటాయి.

ఒకరోజు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఒక మేడం వాళ్లమ్మ పుట్టినరోజుకి గోడంత ఫొటో వేయమన్నారు. తొందరలో సాదా రోల్ ఎక్కించాను. అవును, నేనే. ప్రింటు బయటికొచ్చేసరికి చీర ఎరుపు మెత్తబడింది, ముఖం మీది ముడతలు సగం కరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే మేడం లోపలికి వచ్చారు. పక్కనున్న భార్య మీద విరుచుకుపడ్డాను.

"ఏ రోల్ ఎక్కించినవ్? కండ్లు కనవడ్తలేవా?"

ఆమె బిత్తరపోయింది. పొద్దుటి నుంచి రోళ్లు మార్చింది ఎక్కువగా ఆమే. "నేనే ఎక్కించిన్నేమో, యాదికొస్తలేదు. తప్పైంది మేడం" అంది. కళ్లలో నీళ్లు. నేను నోరు తెరవలేదు.

మేడం ప్రింటు దగ్గరికెళ్లి చాలాసేపు చూశారు. "ఎవరు ఎక్కిస్తే ఏమైందండీ, చేత్తో వేసిన బొమ్మలా ఉంది మా అమ్మ. నాకిదే కావాలి" అన్నారు.

పుట్టినరోజుకి మమ్మల్నీ పిలిచారు. ఆ పెద్దావిడ బొమ్మ ముందే కుర్చీ వేయించుకుని, వచ్చినవాళ్లందరికీ తన అందం చూపించుకుంటూ కూర్చుంది. చూసినవాళ్లు మా దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. ఇంకు తగ్గించడం, వేడి పెంచడం, ఆరేదాకా చుట్టకుండా ఓపిక పట్టడం ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. ఎల్బీ నగర్ ఫంక్షన్ హాళ్లలో మా సాదా కాగితం బొమ్మలు కనబడుతుంటే మా ఆనందానికి పట్టపగ్గాలుండేవి కావు.

ఈ కథ నా భార్య చుట్టాలందరికీ చెబుతుంది. గొంతు బొంగురు చేసి నా తిట్లను కూడా వినిపిస్తుంది. మొన్న మీర్‌పేట్‌లో మా మరదలి గృహప్రవేశంలోనూ చెప్పింది. "గా పొద్దు నేను ఆగమై తప్పు రోల్ ఎక్కియ్యకపోతే, గీయన ఇంక కోచింగ్ సెంటర్ల బ్యానర్లే ఏసుకుంట ఉంటుండె" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది.

ఇప్పుడు నిజం చెబితే ఆ తప్పు ఆమె మీద నుంచి పోతుంది. దాంతోపాటు ఆ గొప్పా పోతుంది. మరి నేను నోరు మూసుకున్నది ఆమె సంతోషం కోసమా? లేక ఆ సంతోషాన్ని అడ్డం పెట్టుకుని నా పిరికితనాన్ని దాచుకుంటున్నానా? ఎన్నిసార్లు ఆలోచించినా, ఆ రోజు ఆమె కళ్లలో తిరిగిన నీళ్లే గుర్తొస్తాయి.

కథ ముగించి ప్రతిసారీ నా వైపు తిరుగుతుంది. మొన్న కూడా తిరిగింది. "అవునా కాదా, చెప్పుండ్రి."

"అవును" అన్నాను.

కాదు. ఆ రోల్ ఎక్కించింది నేను.