పాలడబ్బా చప్పుడు

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నాలోనే దాచుకుని తిరుగుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మనిషిని చంపిన మాట కాదు, రెండు కుందేళ్ల మాట. నవ్వొస్తే నవ్వండి. నేనూ చాలాసార్లు నవ్వి కొట్టిపారేద్దామని చూశాను. కుదరలేదు.

తొంభైల మొదట్లో ఒమాన్‌లో, రుస్తాఖ్ అవతల ఒక ఖర్జూరపు తోటలో పనిచేసేవాడిని. రూమ్‌లో ఇద్దరమే, నేనూ గంగన్నా. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాకంటే పదేళ్లు పెద్ద. ఒకరోజు తోట పికప్ బండి కింద పడి ఒక ఎడారి కుందేలు చచ్చింది. మర్నాడు పశువుల గడ్డి కోస్తుంటే గంగన్నకు దాని పిల్లలు రెండు దొరికాయి. గుప్పిట్లో పట్టేంత ఉన్నాయి. లుంగీ ఒడిలో వేసుకుని రూమ్‌కు తెచ్చాడు.

పాలపొడి కలిపి, కంట్లో వేసుకునే చుక్కల మందు ఖాళీ సీసాతో కొంచెం కొంచెంగా పట్టాడు. పాలు కలిపేటప్పుడు చెంచాతో డబ్బా అంచు మీద టక్ టక్‌మని కొట్టేవాడు. కొద్దిరోజులకే ఆ చప్పుడు వింటే చాలు, రెండూ మంచం కింద నుంచి పరుగెత్తుకొచ్చేవి. నా పాదాలెక్కేవి. డ్యూటీ దిగి వచ్చిన నాకోసం ఏదో ఒక ప్రాణి పరుగెత్తుకు రావడం, అదీ ఎవరూ లేని ఆ చోట, నాకెంత అవసరమైపోయిందో అప్పుడు తెలియలేదు. తెలియలేదా? తెలుసు.

గంగన్న సెలవు మీద ఊరికి వెళ్లేనాటికి అవి గడ్డి తింటున్నాయి. బయల్దేరే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

“తమ్మీ, ఇయ్యాల్టి సంది డబ్బా కొట్టకు. పది దినాలైనంక గుట్టకాడి వాగుల ఇడిసిపెట్టు. మనిషి సప్పుడింటే ఉరకాలె గని దగ్గరికి రావద్దు. ఇడిసినంక మల్ల అటు దిక్కు పోకు.”

“నాకెర్కనే అన్నా, నువ్వు నిమ్మలంగ పోయిరా.”

పది రోజులూ డబ్బా కొట్టలేదు. చెప్పినట్టే ఎండిన వాగులో వదిలాను. వెనక్కి చూడకుండా తుప్పల్లోకి పోయాయి. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే పనే లేదు.

మరుసటి శుక్రవారం డబ్బా, చెంచా సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఎందుకు వెళ్లాను? బాగున్నాయో లేదో చూడటానికని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నన్ను మరిచిపోయాయేమోనని వెళ్లాను. మూడుసార్లు కొట్టాను. రెండూ వచ్చాయి. ఆ రోజంతా నా కాలు నేల మీద నిలవలేదు.

ఆ తర్వాతి శుక్రవారం తోట కాపలా కుక్క నా వెంట పడింది. పొమ్మని రాయి విసిరాను. పోయిందనుకున్నాను, లేదా అనుకోవాలనుకున్నాను, ఇన్నేళ్లయినా ఆ ఒక్కటీ తేల్చుకోలేకపోతున్నాను. డబ్బా కొట్టాను. అవి తుప్పల్లోంచి నేరుగా నా వైపే వచ్చాయి. కుక్క నా వెనకే ఉంది. ఒకదాన్ని నా కళ్లముందే పట్టింది. రెండోది పారిపోగలిగేదే. పారిపోలేదు. నా రెండు కాళ్ల మధ్య దూరింది. కుక్క దాన్ని అక్కడినుంచే లాక్కుంది.

నేను ఏడవలేదు. రెండింటినీ ఇసుకలో పూడ్చాను. రూమ్‌కు వచ్చి డబ్బా కడిగాను. అన్నం వండుకున్నాను. తిన్నాను కూడా.

గంగన్న తిరిగి వచ్చాక, గుట్టలెక్కి పోయాయని చెప్పాను. శుక్రవారం నన్ను తీసుకుని వాగుకు వెళ్లాడు. గంటసేపు కూర్చున్నాం. ఏదీ రాలేదు. గంగన్న మొహం వెలిగిపోయింది.

“సూసినవా తమ్మీ, రాలే. మనల్ని మర్సినయ్. నాతోనైతే కాకపోవు. నువ్వు మనసు గట్టిగ జేసుకున్నవ్.”

నేను ఊఁ అన్నాను.

ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే, పదిమందిలో నా భుజం మీద చెయ్యి వేసి ఆ కథ చెబుతాడు. నేను తల వంచుకుంటాను. మొహమాటమనుకుంటారు. నిజం చెబితే ముసలితనంలో ఆయన సంతోషం పోతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అసలు సంగతి, నాకు ధైర్యం లేదు. అందుకే ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. మీరు నన్ను క్షమించాల్సిన పనిలేదు, వింటే చాలు.

గంగన్న అనుకున్నట్టు అవి మరిచిపోలేదు. నేను డబ్బా కొట్టాను. అవి వచ్చాయి.