కుళాయి కింద తడిపిన గొడుగు

సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. జయపురం, మా కాలనీ ఆటస్థలం. సింహాచలం సంతాప సభ. హాజరైనవారు: సింహాచలం భార్య పైడమ్మ, మనవరాలు సుజాత, టీ కొట్టు గవరయ్య, ఇప్పటి జట్టు మేనేజరు రవి, పంపుహౌసులో సింహాచలంతో పనిచేసిన ఇద్దరు, పాత ఆటగాళ్ళు ఏడుగురు, జట్టు అభిమానులు సుమారు నలభై మంది, నేను.

నా డైరీలో ఏ పేజీ తీసినా ఇలాగే మొదలవుతుంది. తేదీ, చోటు, ఉన్నవాళ్ళు. బడిలో ఉద్యోగానికి చేరిన ఏడాది మొదలైన అలవాటు. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. కానీ ఆ పేజీలన్నిటిలో ఒక్క పేజీ అబద్ధం. పదకొండేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మా ఆవిడ ఉన్నప్పుడు ఆమెకి చెప్పలేదు. చర్చిలో ప్రతి ఆదివారం అందరితో కలిసి తల వంచి పాపాలు ఒప్పుకున్నాను. అన్ని గొంతుల్లో నా గొంతు కలిసిపోయింది. నీది ఏ పాపం అని ఎవరూ విడిగా అడగలేదు. నేనూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా వైపు వానాకాలం వస్తే ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. ఆరు జట్లు ఆడే పోటీ ఒకటి ఏటా రాయగడలో జరుగుతుంది. జట్టులో సగం మంది సొంత పట్టణం వాళ్ళు. మిగతా సగాన్ని కొండ ఊళ్ళ నుంచి పేర్లు ఇచ్చిన ఆటగాళ్ళలోంచి ఏరుకోవాలి. దానికొక పద్ధతి ఉంది. మేనేజర్లు ఆరుగురూ కూర్చుంటారు. చెంబులో చీటీలు వేసి వంతులు తేలుస్తారు. వంతు వచ్చినవాడు ఒక్క పేరు పలకాలి. పలికిన పేరు వెనక్కి పోదు. ఆటగాళ్ళను ముందే పిలిపించి పరీక్షించడానికి లేదు. అందుకని ప్రతి జట్టూ ఒక మనిషిని ఊళ్ళ మీదికి పంపి, అక్కడి ఆటలు చూసి రమ్మంటుంది.

మా జట్టుకి ఆ మనిషిని నేను. నాకు ఆట పెద్దగా తెలియదు. చూసింది చూసినట్టు రాయడం తెలుసు. ఎవరు ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నారు, ఎవరు రెండో సగంలో అలిసిపోయారు, ఎవరు రిఫరీతో గొడవపడ్డారు, అన్నీ ఆ డైరీలోనే రాసేవాణ్ణి. 'మేస్టారి పుస్తకంలో ఉంటే ఉన్నట్టే' అనేవారు మా వాళ్ళు. ఆ మాట వినడం నాకు ఇష్టం. ఇప్పుడు ఆలోచిస్తే, జరిగినదానికి మూలం ఆ ఇష్టమే.

సింహాచలం మునిసిపాలిటీ పంపుహౌసులో పని చేసేవాడు. కాలనీ కుళాయిల్లో ఉదయం ఐదింటికి నీళ్ళు వచ్చేవంటే అతను నాలుగింటికి లేచినట్టు. జట్టు మేనేజరు కూడా అతనే. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పెద్దగా చదువుకోలేదు. నా పుస్తకంలోని ప్రతి మాటా వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేవాడు.

ఆ ఏడాది అందరి నోటా రెండు పేర్లు ఆడాయి. డొరగుడ కుర్రాడు దిలీప్, నారాయణపట్న కుర్రాడు బలరాం. ఇద్దరూ ముందు వరుసలో ఆడేవాళ్ళే. దిలీప్ ఆట చూసి వచ్చాను. బాగుంది. సింహాచలం మనసు మాత్రం బలరాం మీద ఉంది. ఆదివారం నారాయణపట్నలో ఆట ఉందని తెలిసి, శనివారం సాయంత్రం తన గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నల్ల గొడుగు, వెదురు పిడి. ఘాటీలో వాన ఆగదన్నాడు. నీకో అంటే, నీళ్ళలో బతికేవాడికి గొడుగెందుకని నవ్వాడు.

మర్నాడు బస్సెక్కాను. కూర్చున్నాను కూడా. వాన పడుతోంది. ఘాట్ రోడ్డు మీద మట్టి జారిందట, ఈ రోజు తిరిగి వస్తామో లేదో అన్నాడు కండక్టరు. నేను దిగిపోయాను. అంతే జరిగింది. కాలు విరగలేదు, జ్వరం రాలేదు. వెళ్ళాలనిపించలేదు. ఆ బస్సు వెళ్ళింది. అదే సాయంత్రం తిరిగి వచ్చింది కూడా.

ఇంటికి వచ్చి భోంచేసి పడుకున్నాను. సాయంత్రం సంతలో అల్లం అమ్ముకునే నారాయణపట్న మనిషి కనిపిస్తే బలరాం గురించి అడిగాను. మోకాలు బాగోలేదని ఎవరో అన్నారు బాబూ అన్నాడు. ఏ మోకాలు, ఎప్పటినుంచి, ఎవరన్నారు? అడగలేదు. ఆ ఒక్క ముక్క నాకు చాలింది.

రాత్రి డైరీ తెరిచాను. 'ఈ రోజు నేను నారాయణపట్న వెళ్ళలేదు' అని రాయవచ్చు. ఐదు మాటలు. ఎందుకు రాయలేదు? సింహాచలం కోప్పడే మనిషి కాదు. వచ్చే ఆదివారానికి చూద్దాం లెండి అనేవాడు. నేను భయపడింది అతనికి కాదనుకుంటాను. ఆ డైరీకి. అన్నేళ్ళుగా ఏ పనికి వెళతానన్నా వెళ్ళినట్టే ఉన్న పుస్తకంలో, వాన చూసి బస్సు దిగిపోయిన మనిషి ఒకడు కనబడతాడని. అలాంటి మనిషి నేనని నా చేతిరాతలో చదువుకోవడం ఇష్టం లేక, వేరే మనిషిని రాశాను.

తేదీ. నారాయణపట్న ఆటస్థలం. హాజరైనవారు: రెండు జట్లు, రిఫరీ, ఊరివాళ్ళు నూట యాభై మంది దాకా, నేను. రెండో సగంలో వాన. గీత పక్కన విస్తరాకు నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ముసలమ్మ. ఆమె మనవడు గోల్‌కీపరు అట, బంతి పట్టిన ప్రతిసారీ చప్పట్లు కొట్టింది. బలరాం ఎడమ మోకాలు పట్టుకుని రెండుసార్లు కూర్చుండిపోయాడు, పరుగులో వేగం లేదు. ఒక్క మాట కూడా కొట్టివేయకుండా రాశాను. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. లేని ముసలమ్మకి మనవణ్ణి కూడా ఇచ్చాను.

పొద్దున్న గొడుగు తిరిగి ఇవ్వడానికి తీస్తే, పొడిగా ఉంది. బస్టాండుకి వెళ్ళి వచ్చినప్పుడు పడిన నాలుగు చినుకులూ ఆరిపోయాయి. పెరట్లో కుళాయి తిప్పి, దాని కింద గొడుగు విప్పి పట్టుకున్నాను. బాగా తడిసేదాకా. తరవాత దులిపి పట్టుకెళ్ళి ఇచ్చాను. డైరీ రాసినప్పుడు రాయడం నా అలవాటని సర్దిచెప్పుకోగలిగాను. గొడుగు తడపడానికి ఏం చెప్పుకోను? ఆ కుళాయికి నీళ్ళు పంపిందీ అతనే. పాపం, అయ్యో బాగా తడిసినట్టున్నారే అని నన్ను లోపలికి పిలిచి టీ ఇప్పించాడు.

ఎంపిక రోజున మొదటి వంతు చీటీ మాకే వచ్చింది. సింహాచలం నోరు తెరిచాడు. బలరాం పేరు పెదవి దాకా వచ్చిందని నాకు తెలుసు. ఆగి, నా పుస్తకం తీసి, ఆ పేజీ మీద వేలు పెట్టి మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. 'దిలీప్' అన్నాడు. పక్కనే రాయగడ జట్టు మేనేజరు ఊపిరి కూడా తీసుకోకుండా 'బలరాం' అన్నాడు.

ఫైనల్లో రాయగడతోనే తలపడ్డాం. ఆటకు ముందు బలరాం గీత దగ్గర ఎడమ మోకాలి మీద కూర్చుని బూటు తాడు కట్టుకున్నాడు. చటుక్కున లేచి పరిగెత్తాడు. రెండు గోల్స్ కొట్టాడు. రెండు సున్నాతో ఓడిపోయాం.

తిరుగు రైల్లో మా వాళ్ళు సింహాచలాన్ని వదల్లేదు. బంగారం లాంటోణ్ణి ఒగ్గీసి ఇత్తడి ముక్కని ఏరేవేటి బావా అని ఒకడు, పంపు తిప్పినట్టు జట్టు తిప్పితే ఇలాగే ఉంటాది అని ఇంకొకడు. అతను తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను వెనకే వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. నన్ను నమ్మండి, చెప్పేద్దామనే.

"సింహాచలం, నా పుస్తకం వల్లే కదా..." అన్నాను.

"ఊరుకోండి మేస్టారూ," అన్నాడు. "పుస్తకం ఊసు ఎత్తకండి. ఎవులితోటీ అనకండి."

"అది కాదు. ఆ రోజు నేను..."

"మీరు కంటికి అవుపించింది రాసేరు. ఆ రోజు ఆడికి నొప్పి ఉండుంటాది, తరవాత తగ్గుంటాది. మీ తప్పేటి? ఏరినోణ్ణి నాను. తిట్లు నాకే రావాల." తలుపు కమ్మీ పట్టుకున్నాడు. "నన్ను తిడితే మేనేజరు మారతాడు, అంతే. మీ పుస్తకం మీద నమ్మకం పోతే, ఈ జట్టుకి ఇంకేటి మిగుల్తాది సెప్పండి?"

నేను చెప్పలేదు. సొరంగం వచ్చింది, చీకటి. సొరంగం దాటాక కూడా చెప్పలేదు.

మరుసటి ఏడాది మేనేజరుని మార్చారు. సింహాచలం ఆటస్థలానికి రావడం మానేశాడు. అంతటితో పోతే బాగుండేది. కానీ గవరయ్య టీ కొట్టు దగ్గర ఏటా ఎంపిక ముందు అదే వాదన. అప్పుడు బలరాంని తీసుకుని ఉంటే? మేనేజరుకి కళ్ళుండాలా, బుర్ర ఉండాలా? చివరికి ఎవడో ఒకడు 'సింహాచలం ఏరికి' అన్నాడు. ఏరడం తెలియని వాడి ఎంపిక అని అర్థం. మాట కాలనీ దాటింది. ఒకసారి కూరగాయల బజారులో సుజాత వంకాయలు ఏరుతోంది. పదేళ్ళ పిల్ల. అమ్మేమనిషి నవ్వుతూ, "ఏటమ్మి, సింహాచలం ఏరికి ఏరతన్నావు? పుచ్చులన్నీ నీ బుట్టలోకే ఏసుకున్నావు" అంది. సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డ ముసలాయనే సింహాచలమని ఆమెకి తెలియదు. పిల్ల తాత ముఖంలోకి చూసింది. అతను నవ్వాడు. పుచ్చు వంకాయలు ఒక్కొక్కటే తీసి గంపలో పెట్టాడు. రెండు గంపల అవతల నేనున్నాను. ఆ రోజు డైరీలో వంకాయల ధర రాసుకున్నాను.

ఇక సంతాప సభ. రెండు నిమిషాలు మౌనం పాటించాం. మూడో నిమిషంలో వెనక వరుసలో ఎవరో, మంచోడే గాని బలరాంని ఒగ్గీడమే... అన్నారు. ఇంకొకడు దిలీప్ తప్పు కాదన్నాడు. పైడమ్మ తల దించుకుంది. మేస్టారు రెండు మాటలు మాట్లాడాలన్నాడు రవి. లేచాను. సింహాచలం ఏ రోజూ నీళ్ళు ఆలస్యంగా వదల్లేదన్నాను. కూర్చున్నాను. వాన మొదలైంది. వెళుతుంటే పైడమ్మ పిలిచి, తడిసిపోతారు బాబూ అని ఒక గొడుగు ఇచ్చింది. నల్ల గొడుగు. వెదురు పిడి.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి ఆ గొడుగూ, పదకొండేళ్ళ నాటి డైరీ పట్టుకుని గవరయ్య కొట్టుకి వెళ్ళాను. రవి ఉన్నాడు, మరో ఐదారుగురు ఉన్నారు. నిలబడే చెప్పాను. నేను వెళ్ళలేదు, ఆట చూడలేదు, ఆ పేజీ అబద్ధం, సింహాచలం ఏరింది నా అబద్ధాన్ని నమ్మి.

గవరయ్య గ్లాసు ముందుకు జరిపి, "ముందు టీ తాగండి మేస్టారూ" అన్నాడు.

రవి డైరీ తీసుకుని పైకి చదివాడు. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి నవ్వేశాడు. "విస్తరాకంట, మనవడంట! ఎల్లకండా ఇవన్నీ ఎవులు రాయగలరు?"

"నేను రాశాను," అన్నాను.

"మీది పెద్ద మనసు మేస్టారూ," అన్నాడు ఒకడు. "పోయినోడి మీద మాట పడకూడదని మీ నెత్తినేసుకుంటన్నారు."

ఇంకొకడు పేజీ మీదికి వంగాడు. "మోకాలు పట్టుకుని కూకున్నాడని రాసుంది కదేటి. నిజవే అయ్యుంటాది. పసరుకట్టు ఏస్తే తగ్గిపోయే నొప్పి సూసి అంత ఆటగాణ్ణి ఒగ్గీసేడు." గ్లాసు కింద పెట్టాడు. "సింహాచలం ఏరికే మరి."

వాళ్ళు నవ్వారు. దయగానే నవ్వారు. నా చేతిరాత నా మాటని ఓడించింది. బతికుండగా అతను కాపాడిన పుస్తకం, చచ్చాక అతన్నే తిరిగి కరిచింది.

పైడమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమెకీ మొత్తం చెప్పాను, కుళాయి సంగతితో సహా. ఆమె నమ్మింది. అది ముఖంలోనే తెలిసింది. గొడుగు తీసుకుని, విప్పి, అరుగు మీద ఎండ పడే చోట పెట్టింది. దాని పిడిని చేత్తో తుడిచింది.

"ఆయనుండగా వచ్చుంటే..." అంది. "ఎల్లండి బాబూ," అని లోపలికి వెళ్ళింది.

ఇంటికి వచ్చాను. ఇంకా ఎనిమిది కాలేదు. కుళాయిలో నీళ్ళు వస్తున్నాయి. డైరీ తెరిచి ఆ పేజీ తీశాను. చింపేయాలనుకోలేదు. పేజీ అడుగున, ఆ రాత్రి రాయని ఐదు మాటలూ రాశాను. పైన 'హాజరైనవారు' అన్నచోట, వరుసలో చివరన ఉన్న 'నేను' అన్న మాటని కొట్టేశాను.