మా జపనీస్ చిన్‌కు దిష్టి

మా జపనీస్ చిన్ ఈ రోజు పొద్దుట్నుంచీ గిన్నె ముట్టలేదు. మదనపల్లెలో ఇంతకుముందెవరూ చూడని బొమ్మలాంటి కుక్కపిల్ల కదా, తెచ్చినప్పటి నుంచీ వీధంతా వచ్చి దాన్ని పలకరించి వెళ్తోంది. నన్ను మాత్రం దాని పేరొక్కటే అడుగుతారు.

సాయంత్రం ఎదురింటి రమణమ్మక్క ఉప్పు, ఎండుమిరపకాయలతో వచ్చింది. "ఇంతమంది సూస్తాంటే దిష్టి తగలదా? దాన్ని ఒళ్ళో పెట్టుకోని కూర్సోమ్మా, ఇద్దరికీ కలిపి తీస్తా" అంది.

"నాకెందుకక్కా? నన్నెవరు చూస్తారు?" అన్నాను.

ఆమె వినిపించుకోకుండా మా ఇద్దరి చుట్టూ తిప్పి, మిరపకాయల్ని స్టవ్ మంట మీద వేసింది. పొగ వచ్చింది కానీ ఎవరికీ దగ్గు రాలేదు. "ఘాటే రాలా సూడు, శానా గట్టి దిష్టి" అంది.

చిన్ తినేసి నిద్రపోయింది. నేనే ఇంకా ఆలోచిస్తున్నాను. ఆ దిష్టిలో నా వంతు కాస్తయినా ఉండి ఉంటుందంటారా?